ఓడ ఎక్కి వచ్చిన వంటలు

(సిబ్బంది కుటుంబాల సమ్మేళనంలో, పోర్ట్‌బ్లెయిర్ శాఖలో పనిచేస్తున్న ఒక అధికారిణి కుమార్తె, డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



నన్ను అండమాన్ విశేషాలు చెప్పమన్నారు. సముద్రం నీలంగా ఉంటుంది, ఇసుక తెల్లగా ఉంటుంది. ఆ రెండు మాటలూ మీ ఫోన్లలోని ఫొటోలు నాకంటే బాగా చెబుతాయి. అందుకని వాటి జోలికి పోను. ఒకసారి వేసవి సెలవుల్లో, ఇంకోసారి డిసెంబరులో, మొత్తం ఎనిమిది వారాలు అమ్మ దగ్గర ఉన్నాను. అందులో టూరిస్టులా తిరిగింది నాలుగు రోజులే. మిగతా రోజులన్నీ సంచి పట్టుకుని బజారుకెళ్ళాను, నీళ్ళు పట్టాను, పక్కింటివాళ్ళ వంటింట్లో కూర్చున్నాను. కాబట్టి నేను చెప్పగలిగింది ఆ ఊరి తిండి గురించి, రోజువారీ బతుకు గురించి.

అమ్మకి ప్రమోషన్‌తో పాటు పోర్ట్‌బ్లెయిర్ ఆర్డర్ వచ్చినప్పుడు మా ఇంట్లో వారం రోజులు ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. అమ్మమ్మ "కాలాపానీకి పంపిస్తారా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాన్న ప్రమోషన్ వదులుకుంటే ఎంత నష్టమో కాగితం మీద లెక్క వేశారు. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో ఇలాంటి వారం గడపని కుటుంబాలు తక్కువే అనుకుంటాను. అందుకే ఈ నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

మొదటిసారి నాన్నా నేనూ విశాఖపట్నం నుంచి ఓడలో వెళ్ళాం. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి ఇంచుమించు 1200 కిలోమీటర్లు. విమానమైతే చెన్నై నుంచి రెండు గంటల పైచిలుకు. ఓడకి దాదాపు మూడు రోజులు. అది కూడా రోజూ ఉండదు, నెలకి ఒకటి అటూ ఇటూ. బంకు క్లాసులో మా చుట్టూ ఉన్నవాళ్ళలో ఎక్కువమంది శ్రీకాకుళం జిల్లా వాళ్ళే. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం పేర్లే వినిపించాయి. బెర్తుల కింద బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు, జీడిపప్పు డబ్బాలు, పనసకాయలు, ఎండుచేపల మూటలు. ఆ వాసనలన్నీ కలిసి అది ఓడలా కాక పెళ్ళివారు దిగిన విడిదిల్లులా ఉంది. రెండో రోజు ఓడ ఊగుతుంటే నాకు కడుపులో తిప్పింది. ఎదురు బెర్తులో ఉన్న మామ్మ నా చేతిలో గుప్పెడు అటుకులు పోసి, "పొడిపొడిగా నవులమ్మా. నీళ్ళు గటగటా తాగీకు" అంది. ఆమె ముప్ఫై ఏళ్ళుగా ఆ ఓడల మీదే పుట్టింటికి వచ్చి వెళుతోందట.

దిగాక నాకు మెల్లగా అర్థమైంది ఏమిటంటే, ఆ ఊళ్ళో ఉన్న మనుషులంతా ఇలాగే ఏదో ఒక ఓడ ఎక్కి వచ్చినవాళ్ళే. ఆదివాసులను పక్కన పెడితే అక్కడ "మేము మొదటినుంచీ ఇక్కడివాళ్ళం" అనగలిగిన వాళ్ళు లేరు. 1858 మార్చిలో బ్రిటిష్ వాళ్ళు 200 మంది ఖైదీలను తెచ్చి అక్కడ శిక్షా కేంద్రం మొదలుపెట్టారు. శిక్ష ముగిశాక కొందరు ఖైదీలు అక్కడే పెళ్ళిళ్ళు చేసుకుని స్థిరపడ్డారు. కులం, మతం, భాష కలవని పెళ్ళిళ్ళు అవి. వాళ్ళ సంతతిని అక్కడ "లోకల్ బార్న్" అంటారు. తర్వాత అడవి పనులకి ఛోటానాగపూర్ నుంచి కూలీలు వచ్చారు. వాళ్ళని ఇప్పటికీ "రాంచీవాలా" అంటారు. 1925లో బర్మా నుంచి కరెన్‌లు వచ్చారు. దేశ విభజన తర్వాత, 1949 నుంచి, తూర్పు బెంగాల్ శరణార్థులకు భూములిచ్చారు. కేరళ, తమిళనాడు, మన ఆంధ్ర తీరం నుంచి జాలర్లు, తాపీపనివాళ్ళు, కూలీలు, చిన్న వ్యాపారులు వచ్చారు.

2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపాలన్నిటిలో కలిపి దాదాపు 3 లక్షల 80 వేల మంది ఉన్నారు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం మన తెలుగుది. నూటికి 13 మంది, అంటే దాదాపు 50 వేల మంది తెలుగు మాట్లాడేవాళ్ళు. అమ్మ అద్దెకున్న వీధిలో పొద్దున్నే "ఒసే, బేగి రాయే, నీళ్లొచ్చీనాయి" అన్న కేక వినబడితే నాకు నవ్వు ఆగలేదు. అంత సముద్రం దాటి వెళ్ళింది ఈ మాట వినడానికా అనిపించింది!

ఇక తిండి సంగతి. అబర్డీన్ బజార్‌లో గడియారస్తంభం దగ్గర నిలబడితే పది నిమిషాల నడకలో మన దేశమంతా తినొచ్చు. ఒక చోట ఇడ్లీ, సాంబారు. పక్కనే బెంగాలీ మిఠాయి దుకాణంలో సందేశ్, రసగుల్లా. ఇంకొంచెం ముందుకెళితే మలబారు పరోటా, చేపల కూర. వీటిలో ఏదీ టూరిస్టుల కోసం పెట్టినట్టు ఉండదు. ఎవరి నాలుక కోసం వాళ్ళు పెట్టుకున్నవే. చేపలకైతే జంగ్లీఘాట్ వెళ్ళాలి. పడవలు ఒడ్డుకి వచ్చే చోటు అది. మన వంజరం అక్కడ సుర్మై. అమ్మే ఆవిడ హిందీలో ధర చెబుతుంది, మనం తెలుగులో బేరమాడితే నవ్వుతుంది. తూకం వేసేటప్పుడు మాత్రం శ్రీకాకుళం యాసలో, "మనోలకి మోసం సేత్తానేటమ్మా?" అంటుంది.

చేప, కొబ్బరి, అరటి, ఆకుకూరలు, కొన్ని తీగ కూరలు ద్వీపాల్లోనే దొరుకుతాయి. బంగాళాదుంప, ఉల్లిపాయ, పప్పులు, నూనె వంటివన్నీ సముద్రం మీదుగా రావాల్సిందే. చెన్నై నుంచో కోల్‌కతా నుంచో ఓడ వస్తేనే అంగడి నిండుతుంది. డిసెంబరులో నేనున్నప్పుడు వాతావరణం బాగోలేక ఓడ నాలుగు రోజులు ఆలస్యమైంది. మూడో రోజుకి ఉల్లిపాయల బుట్ట అడుగు కనబడింది. ఎవరూ గోల చేయలేదు. పక్కింటి ఆంటీ ఉల్లిపాయ లేకుండా ఆవపిండి, కొబ్బరి వేసి కూర చేసింది. మా ఇంటికి ఒక గిన్నె పంపింది. అక్కడివాళ్ళకి ఓడల రాకపోకల వార్త మనకి వాతావరణ వార్త లాంటిది. ముందు అది చూసుకుని, తర్వాత ఇంట్లో ఏం వండాలో ఆలోచిస్తారు.

ఓడ రాకపోతే ఏమవుతుందో ఆ ఊరు ఒకసారి ఘోరంగా చూసింది. రెండో ప్రపంచయుద్ధంలో, 1942 మార్చి నుంచి 1945 అక్టోబరు దాకా, ఆ ద్వీపాలు జపాన్ చేతిలో ఉన్నాయి. చివరి రోజుల్లో ఓడలు రావడం ఆగిపోయి తిండికి కటకటలాడిపోయారు. 1945 ఆగస్టులో పనికిరారనుకున్న వందలమందిని, వ్యవసాయం చేయిస్తామని చెప్పి ఓడలెక్కించి, హేవ్‌లాక్ తీరం దగ్గర సముద్రంలోకి తోసేశారు. ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అని పిలిచే ఆ చోటే మనం హనీమూన్ ఫొటోలలో చూసే చోటు. పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళల్లో అన్నం పారబోస్తే ఎందుకంత కోప్పడతారో ఈ కథ విన్నాక నాకు తెలిసింది.

సెల్యులర్ జైలు గురించి పుస్తకాల్లో చదివాం. అక్కడికెళ్ళాక నా మనసులో నిలిచింది మాత్రం దాని ఎదురుగా ఉన్న పార్కులోని విగ్రహాలు. 1933 మేలో ఖైదీలు నిరాహార దీక్ష చేశారు. వాళ్ళు అడిగినవి తినదగిన తిండి, చదువుకోవడానికి దీపం, పుస్తకాలు, మనుషులకు ఇవ్వాల్సిన కనీస మర్యాద. బలవంతంగా పాలు పోయబోతే మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమోదాస్, మోహిత్ మైత్రా ప్రాణాలు పోయాయి. మన మన్యం నుంచి, అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర కూడా అండమాన్‌లో శిక్ష అనుభవించారు. బయటికొచ్చాక 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యారు. మా అమ్మమ్మ అన్న కాలాపానీ అదే. అది అబద్ధం కాదు. కాకపోతే ఆ ఊరు అక్కడితో ఆగిపోలేదు.

మా పక్కింటి అమ్మాయి నా ఈడుది. ఆమె తాతగారు సోంపేట వైపు నుంచి తాపీపనికి వెళ్ళారు. తండ్రి అక్కడే పుట్టారు, ఆమె కూడా. మొదటి రోజు అలవాటుగా "మీది ఏ ఊరు?" అని అడిగాను. "పోర్ట్‌బ్లెయిర్" అంది. నేను ఊరుకోకుండా, "అసలు ఊరు?" అన్నాను. "అసలు కూడా పోర్ట్‌బ్లెయిరే" అంది. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది గానీ ఇళ్ళల్లో, బస్సుల్లో ఇంకా పాత పేరే నడుస్తోంది. ఆమె బస్సులో హిందీ, బెంగాలీ స్నేహితురాలితో బెంగాలీ, ఇంట్లో అచ్చమైన ఉద్దానం తెలుగు మాట్లాడుతుంది. నా తెలుగులో సగం ఇంగ్లీషు ఉందని నన్ను ఏడిపించేది.

వాళ్ళింట్లో నేను తిన్న చేపల పులుసు గురించి చెప్పకుండా ఈ ప్రసంగం ముగిస్తే అన్యాయం. చింతపండు పులుసు, మెంతులు, మట్టి దాక, అన్నీ వాళ్ళ నాయనమ్మ సోంపేట నుంచి తెచ్చుకున్న పద్ధతే. దించే ముందు కొంచెం కొబ్బరిపాలు పోశారు. అది ఎదురింటి మలయాళీల దగ్గర నేర్చుకున్నదట. చివర్లో కొత్తిమీర బదులు పొడుగ్గా, అంచులకు చిన్న ముళ్ళలాంటి పళ్ళున్న ఒక ఆకు తరిగి వేశారు. దాన్ని బర్మా ధనియా అంటారు. మన కొత్తిమీర ఆ వానలకి కుళ్ళిపోతుంది. ఈ ఆకు మాత్రం తడిలో, నీడలో పెరట్లో దానంతట అదే పెరుగుతుంది. వాసన కొత్తిమీరే, కాని రెండింతల ఘాటు. "ఇది ఏ వంట మామ్మగారూ?" అని అడిగితే ఆమె, "ఏటుంది తల్లీ, సేపల పులుసే" అంది. ఆమెకి అందులో విశేషమేమీ కనబడలేదు. చుట్టుపక్కల నుంచి మంచిది ఏదొస్తే అది దాకలో పడింది. దానివల్ల అది తెలుగు పులుసు కాకుండా పోలేదు.

ఊళ్ళో రోజు ఎలా గడుస్తుందో కొంచెం చెబుతాను. గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనకంటే ముందుంటాడు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కదా. ఆ లెక్కన అక్కడ సూర్యుడు నడినెత్తికి రావడం విశాఖ కంటే దాదాపు 40 నిమిషాలు, హైదరాబాద్ కంటే దాదాపు గంట ముందు. మే నెలలో ఉదయం ఐదింటికే తెల్లగా తెల్లారిపోతుంది. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే పొద్దుగూకుతుంది. అమ్మ బ్యాంకు నుంచి ఇంటికి వచ్చేది ఎప్పుడూ చీకట్లోనే. కాని పొద్దున్న రెండు గంటలు ఆమెవే. విశాఖలో పాతికేళ్ళుగా నడక మొదలుపెడతానంటూ వాయిదా వేసిన అమ్మ, అక్కడ రోజూ మెరీనా పార్కు దాకా నడుస్తోంది. ఊరంతా ఎత్తుపల్లాలు, కాబట్టి అరగంట నడక గంట నడకతో సమానం.

రైలు లేదు. ద్వీపాల్లో ఎక్కడా రైలు పట్టాలే లేవు. అక్కడి పిల్లలు చాలామంది రైలుని మొదటిసారి చూసేది పై చదువులకి చెన్నైకో విశాఖకో వచ్చినప్పుడే. మా పక్కింటి అమ్మాయి ఎప్పుడో ఒకప్పుడు విశాఖ నుంచి అరకు రైల్లో వెళ్ళాలని అంటుంది. వాళ్ళకి ఓడ మామూలు, రైలు వింత. మనకి తిరగేసి.

ఒక విషయం నన్ను బాగా ఆలోచింపజేసింది. బారాటాంగ్ వెళ్ళే దారి జారవాల అడవి గుండా పోతుంది. బండ్లన్నీ ఒక వరసలో, కాపలాతో, ఆగకుండా వెళ్ళాలి. ఫొటోలు తీయకూడదు. తినేవి ఏవీ ఇవ్వకూడదు. 1956 నాటి చట్టం ఆదివాసులకు ఆ రక్షణ ఇచ్చింది. మన ఇళ్ళల్లో ఎవరొచ్చినా ముందు "తిన్నారా?" అని అడుగుతాం. పెట్టడమే మర్యాద అనుకుంటాం. ఇక్కడ పెట్టకపోవడమే మర్యాద. వాళ్ళ అడవి, వాళ్ళ వేట, వాళ్ళ తేనె, వాళ్ళ పంది వాళ్ళకున్నాయి. బయటివాళ్ళ బిస్కెట్ పొట్లంతో వాళ్ళకి తెలియని జబ్బులు, కొత్త అలవాట్లు వెళతాయి. ఆ రోడ్డు మీద మా బస్సులో ఒకాయన సంచి తెరవబోతే, డ్రైవరు హిందీలో మెల్లగానే, కాని గట్టిగా చెప్పి ఆపేశాడు. అందరూ ఓడ దిగి వచ్చిన ఆ నేల మీద, ఓడ ఎక్కి రానివాళ్ళు వాళ్ళొక్కరే. వాళ్ళని వాళ్ళలా ఉండనివ్వడం కూడా మంచితనమేనని ఆ రోజు తెలుసుకున్నాను.

ఇప్పుడు కష్టాలు. అవి దాస్తే మీకు నేను అన్యాయం చేసినట్టే. ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన కురిసే ఊళ్ళో వేసవిలో నీళ్ళకి ఇబ్బంది. పెద్ద నదులు లేవు, వాలు నేల, పడిన వాన పడినట్టే సముద్రంలోకి జారిపోతుంది. ధనిఖారి జలాశయం మీద ఊరు ఆధారపడింది. మే నెలలో కుళాయి రోజూ రాదు. వచ్చినప్పుడు డ్రమ్ములు నింపుకోవాలి. కూరగాయలు ఖరీదు. ఒంట్లో బాగోలేకపోతే, పెద్ద వైద్యం కావాలంటే, విమానం ఎక్కి చెన్నై రావాలి. ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయితే రాత్రికి రాత్రి బస్సెక్కి వచ్చేయడానికి ఉండదు. అమ్మమ్మకి జ్వరం వచ్చిన రాత్రి అమ్మ ఫోన్ పట్టుకుని తెల్లవార్లూ కూర్చుంది. ఆ దూరం నిజమే. దాన్ని ఏ పులుసూ తగ్గించదు.

మీకు బాగా తెలిసిన ఒక మాట కూడా చెప్పాలి: "లింకు లేదు." ఒకప్పుడు ద్వీపాలకి ఇంటర్నెట్ ఉపగ్రహం మీదే వచ్చేది. మబ్బు పడితే కౌంటర్లు ఆగేవని అమ్మ సహోద్యోగులు చెబుతారు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భంలో వేసిన దాదాపు 2300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమయ్యాక పరిస్థితి మారింది. జంగ్లీఘాట్‌లో చేపలమ్మే ఆవిడ ఇప్పుడు ఫోన్‌లోనే ఊళ్ళో ఉన్న తల్లికి డబ్బు పంపుతుంది. అయినా నెలకోసారి అమ్మ శాఖకి వస్తుందట. పాస్‌బుక్‌లో అచ్చు పడితేనే ఆమెకి ధైర్యం. తెలుగులో "ఎంతుందమ్మా?" అని అడిగితే, తెలుగులో జవాబు చెప్పే మనిషి కౌంటరులో ఉండటం ఆమెకి ఇంకా పెద్ద ధైర్యం. అమ్మ ఉద్యోగం అంటే ఏమిటో విశాఖలో నాకెప్పుడూ ఇంత స్పష్టంగా కనబడలేదు.

మీలో ఎవరికైనా అలాంటి ఆర్డర్ వస్తే వెళ్ళమని చెప్పడానికి నేనెవర్ని? ఇళ్ళల్లో పెద్దవాళ్ళుంటారు, చిన్నపిల్లలుంటారు, ఎవరి లెక్కలు వాళ్ళవి. ఒక్కటే అడుగుతాను. పేరు విని భయపడి వద్దనుకోకండి. సెలవు పెట్టుకుని ఒక్కసారి వెళ్ళి, హోటల్లో కాకుండా ఎవరో ఒకరి ఇంట్లో భోజనం చేసి, ఆ తర్వాత నిర్ణయించుకోండి. భార్యకి పోస్టింగ్ వస్తే ఇల్లు ఎలా నడుస్తుందని అడిగే అంకుల్స్‌కి, మా నాన్న ఇప్పుడు పప్పుచారు, బెండకాయ వేపుడు, పెసరట్టు చేస్తున్నారని మనవి. పెసరట్టు ఇంకా గుండ్రంగా రావడం లేదు.

వెళ్ళేవాళ్ళకి ఆఖరుగా ఒక చిన్న పని అప్పగిస్తాను. చింతపండు, ఇంగువ, కందిపప్పు ఎలాగూ పట్టుకెళతారు. వాటితో పాటు రెండు తెలుగు కథల పుస్తకాలు కూడా పెట్టుకోండి, పెద్దక్షరాలున్నవి. మా పక్కింటి అమ్మాయికి ఒక తమ్ముడున్నాడు, పదేళ్ళవాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవలేడు. వాళ్ళ నాయనమ్మ, అమ్మ తెచ్చే మన పత్రికలో బొమ్మల కింది మాటలు వేలు పెట్టి వాడికి చదివిస్తోంది. వంట మూడు తరాలు నిలిచింది, ఎందుకంటే అది రోజూ వండుకుంటారు. అక్షరానికి కూడా రోజూ పొయ్యి వెలగాలి. మనం చదివేసి మూలన పడేసే పుస్తకాలు అక్కడ ఆ పని చేస్తాయి.